విశాఖలో కాలేజీ మారాలంటే... ఏ దారికి ఎన్ని మార్కులు

కాలేజీ మారాలనుకునే పిల్లలూ, వాళ్ల వెంట వచ్చే పెద్దవాళ్లూ ఆఫీసు కిటికీ దగ్గర మొదట అడిగేది "సీటుందా అండీ?" అని. సీటు ఉంటుంది. రెండో ఏడాదికి వచ్చేసరికి మానేసినవాళ్లు, వేరే ఊరు వెళ్లిపోయినవాళ్లు వదిలిన ఖాళీలు చాలా కాలేజీల్లో కనిపిస్తాయి. ఖాళీ బెంచీ నింపుకోవడానికి ఏ యాజమాన్యానికీ బాధ ఉండదు. అసలు చిక్కు వేరు. ఇక్కడ పాసైన సబ్జెక్టుల్లో అక్కడ ఎన్నింటిని ఒప్పుకుంటారు? ఆ లెక్క తేల్చే కాగితాన్ని ఈక్వలెన్స్ లెటర్ అంటారు, కొన్ని ఆఫీసుల్లో క్లియరెన్స్ లెటర్ అంటారు. ఇంజినీరింగ్ విద్యార్థి తర్వాతి మూడేళ్లు ఎలా గడుస్తాయో నిర్ణయించేది ఆ ఒక్క కాగితమే. కింద ఒక్కో దారికి అయిదుకి వేసిన మార్కులు ప్రధానంగా దాన్ని బట్టి వేసినవే. భవనాలు, క్యాంటీన్లు, కిటికీలోంచి కనిపించే సముద్రం లెక్కలోకి రాలేదు.

కాలేజీ గేటు మీది చిరునామా చూసి అది ఏ యూనివర్సిటీ కిందిదో చెప్పలేని ఊరు మనది. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీకి సొంత ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, అనుబంధ కాలేజీలూ ఉన్నాయి. అదే నగరంలో మరికొన్ని ఇంజినీరింగ్ కాలేజీలు విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ కిందికి వస్తాయి. కాకినాడ జేఎన్‌టీయూ నుంచి విడదీసి 2022లో పెట్టిన యూనివర్సిటీ అది. రుషికొండలోని గీతం 1980లో కాలేజీగా మొదలై 2007లో డీమ్డ్ హోదా, అంటే యూనివర్సిటీలా సొంతంగా పట్టా ఇచ్చే హోదా తెచ్చుకుంది. రెండు బస్టాపుల దూరంలో యూనివర్సిటీ మారిపోతుందన్నమాట. దీనికి తోడు అటానమస్ అనే పొర ఒకటి. అటానమస్ కాలేజీలో పట్టా యూనివర్సిటీది, సిలబస్సూ పరీక్షా మాత్రం కాలేజీవి. ఒకే యూనివర్సిటీ కిందున్న రెండు అటానమస్ కాలేజీల మధ్య కూడా సబ్జెక్టులు కలవకపోవచ్చు. కాలేజీగా ఉన్నది యూనివర్సిటీగా మారిన చోట్ల పాత బ్యాచ్‌కి పాత యూనివర్సిటీ పట్టా, కొత్త బ్యాచ్‌కి కొత్త పట్టా వస్తుంటాయి. మధ్యలో వచ్చి చేరేవాళ్లు తాము ఏ బ్యాచ్ కిందికి వస్తామో, పట్టా మీద ఎవరి పేరు ఉంటుందో ముందే అడగాలి.

ఒకే యూనివర్సిటీలో కాలేజీ మార్పు: 4/5

ఉన్నవాటిలో తక్కువ నొప్పి ఉన్న దారి ఇదే. అనుబంధ కాలేజీ నుంచి అదే యూనివర్సిటీ కిందున్న మరో అనుబంధ కాలేజీకి, అదే బ్రాంచిలో, రెండో ఏడాది మొదట్లో మారడం. రెండూ నాన్ అటానమస్ అయితే సిలబస్ ఒకటే, రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కి వర్తించే చదువు, పరీక్షల నిబంధనలు) ఒకటే, మార్కుల మెమో ఇచ్చేదీ ఒక్కరే.

ముందు కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి "ఈ బ్రాంచిలో, ఈ ఏడాదిలో, ఈ కోటాలో ఖాళీ ఉంది, చేర్చుకోవడానికి అభ్యంతరం లేదు" అని కాగితం తీసుకోవాలి. కోటా అన్న మాట అందులో ఉండి తీరాలి, ఎందుకో ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర తెలుస్తుంది. తర్వాత ఇప్పటి కాలేజీ ఎన్‌ఓసీ, అంటే వెళ్లడానికి అభ్యంతరం లేదన్న కాగితం. ఆపైన దరఖాస్తు యూనివర్సిటీకి వెళ్తుంది. బదిలీలన్నీ ప్రభుత్వమూ యూనివర్సిటీ ఎప్పటికప్పుడు ఇచ్చే మార్గదర్శకాల ప్రకారమే జరుగుతాయి. అందుకే పోయినేడు సీనియర్‌కి కుదిరింది కాబట్టి ఈ ఏడూ కుదురుతుందని అనుకోవడానికి లేదు. దరఖాస్తుతో మార్కుల మెమోలు, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్, రెండు ఎన్‌ఓసీలు, ఫీజు రసీదు జతచేస్తారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కూడా ఫైల్లో ఉంచుకోవడం మంచిది.

టీసీ మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. కొత్త కాలేజీవాళ్లు నోటిమాటగా రమ్మన్నారని పాత కాలేజీలో టీసీ తీసేసుకుంటారు. యూనివర్సిటీ నుంచి ఆర్డరు రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది. ఈలోగా పాత కాలేజీ రోల్స్‌లో పేరు తీసేస్తారు. అప్పుడు రెంటికీ చెడ్డ రేవడే. బదిలీ ఆర్డర్ చేతికొచ్చి, అందులో హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి, సెమిస్టర్ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే టీసీకి దరఖాస్తు పెట్టాలి.

నాలుగే మార్కులు ఇవ్వడానికి కారణం హాజరు. రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చేసరికే మూడో సెమిస్టర్ క్లాసులు మొదలైపోతాయి. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే, 75 శాతం హాజరుకి 68 రోజులు కావాలి. అంటే 22 రోజులు ఆలస్యమైనా, ఆ తర్వాత ఒక్క రోజూ మానకపోతే గట్టెక్కవచ్చు. 23 రోజులు ఆలస్యమైతే మిగిలిన సెమిస్టరంతా జ్వరమొచ్చినా మానకుండా వెళ్లి కూడా కండొనేషన్ ఫీజు (తగ్గిన హాజరుని మన్నించడానికి తీసుకునేది) కట్టాల్సిందే. 32 రోజులు ఆలస్యమైతే 65 శాతం కూడా అందదు, ఆ సెమిస్టర్ డిటెన్షనే, అంటే మళ్లీ చదవాల్సిందే. ఆర్డర్ ఆలస్యమయ్యేలా ఉంటే రెండు మార్గాలు. ఆర్డర్ వచ్చేదాకా పాత కాలేజీలో క్లాసులకి మానకుండా వెళ్లి, ఆ హాజరు వివరాలు ప్రిన్సిపాల్ సంతకంతో పట్టుకెళ్లడం మొదటిది. చేరిన తేదీ నుంచే హాజరు లెక్కిస్తామని కొత్త కాలేజీతో రాయించుకోవడం రెండోది. మొదటిది నయం. రెండోది హామీ మాత్రమే, చివరి మాట యూనివర్సిటీది.

యూనివర్సిటీ మారితే: 2.5/5

ఆంధ్రా యూనివర్సిటీ అనుబంధ కాలేజీ నుంచి జేఎన్‌టీయూ కాలేజీకో, అటు నుంచి ఇటో మారడం కాగితం మీద పై దారిలాగే ఉంటుంది. అదనంగా వచ్చేవి రెండే: మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే యూనివర్సిటీకి వెళ్లడానికి పాతది ఇచ్చే కాగితం), ఈక్వలెన్స్. ఆ రెండోదే అసలు పరీక్ష.

ఈక్వలెన్స్ కమిటీ సబ్జెక్టు పేరు చూడదు, చూడకూడదు కూడా. యూనిట్లు చూస్తుంది. ఒకచోట "ప్రాబ్లమ్ సాల్వింగ్ యూజింగ్ సీ", మరోచోట "ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్" అని ఉంటుంది. పేర్లు వేరైనా సరుకు ఒకటే, ఒప్పుకుంటారు. అదే "మేథమేటిక్స్-2" రెండుచోట్లా ఉండి, ఒకదాంట్లో మాత్రికలూ న్యూమరికల్ మెథడ్సూ, రెండోదాంట్లో అవకలన సమీకరణాలూ వెక్టర్ కాలిక్యులస్సూ ఉంటే, పేరు ఒకటైనా ఒప్పుకోరు. అందుకే మెమో జెరాక్సులు మాత్రమే పట్టుకెళ్తే ఫైలు తిరిగొస్తుంది. పాసైన ప్రతి సబ్జెక్టుకీ మీ రెగ్యులేషన్‌లోని యూనిట్లవారీ సిలబస్ ప్రతి, ప్రతి పేజీ మీదా ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉండాలి. వెళ్లే కాలేజీ సిలబస్ కూడా దింపుకుని, పక్కపక్కన పెట్టి మీరే ఒక పట్టిక గీసుకోండి. ఒక గడిలో మీ సబ్జెక్టు, పక్క గడిలో వాళ్లది, మూడో గడిలో క్రెడిట్లు (సబ్జెక్టు బరువుని బట్టి ఇచ్చే పాయింట్లు), నాలుగో గడిలో కలిసే యూనిట్లు. ఓ పూట పని అది. దాంతో ఎన్ని సబ్జెక్టులు మిగులుతాయో డబ్బు కట్టకముందే తెలిసిపోతుంది.

మిగిలే సబ్జెక్టులు సాధారణంగా మూడు రకాలు. మొదటిది, వరస తేడా. డేటా స్ట్రక్చర్స్ ఒకచోట మొదటి ఏడాది రెండో సెమిస్టర్‌లో ఉంటుంది, మరోచోట రెండో ఏడాది మొదట్లో. రెండోచోటి నుంచి మొదటిచోటికి వస్తే ఆ సబ్జెక్టు అటూ చదవలేదు, ఇటూ దాటిపోయింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ కూడా బ్రాంచిని బట్టి సెమిస్టర్లు తారుమారు అవుతాయి. ఏడాది మధ్యలో మారితే ఒకదాన్ని రెండుసార్లు చదివి, మరోదాన్ని అసలు చదవకుండా ఉండిపోవచ్చు. ఏడాది పూర్తయ్యాక మారితే ఈ గొడవ ఉండదు. రెండో ఏడాది మొదట్లోనే మారమనడానికి పెద్ద కారణం ఇదే. రెండో రకం, ల్యాబులు. ఒకచోట ల్యాబ్ విడిగా 1.5 క్రెడిట్లు, మరోచోట థియరీలో కలిపేసి ఒకే సబ్జెక్టుగా ఉంటుంది. మూడో రకం, కాలేజీ సొంతంగా పెట్టుకున్న స్కిల్ కోర్సులు. అవి దాదాపు ఎక్కడా చెల్లవు.

మిగిలిన సబ్జెక్టులు కొత్త కాలేజీలో జూనియర్లతో పాటు రాయాలి. ఎక్స్‌టర్నల్ సరే, మరి ఇంటర్నల్ మార్కులు? కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20 నిబంధనల్లో బదిలీపై వచ్చిన విద్యార్థులకి, చదవని సబ్జెక్టుల్లో ఇంటర్నల్ రాయడానికి ఒక్క అవకాశం ఇవ్వాలని ఉంది. ఒక్కటంటే ఒక్కటే. ఆ తేదీ ఎప్పుడో తెలియక జారవిడుచుకుంటే 30 మార్కులు సున్నా. పాసవడానికి మొత్తం 100లో 40 కావాలి. 70 మార్కుల ఎక్స్‌టర్నల్‌లోనే 40 తెచ్చుకోవాలన్నమాట. మిగతా క్లాసువాళ్లు ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 మార్కులు వస్తే చాలనుకుంటుంటే, ఇక్కడ 57 శాతం కావాలి. పరీక్షల విభాగంలో పేరు నమోదు చేయించుకుని, ఇంటర్నల్ టైంటేబుల్ వచ్చిన ప్రతిసారీ నోటీసు బోర్డు చూడటం తప్ప దీనికి మందు లేదు.

దీని నీడ ప్లేస్‌మెంట్ దాకా పడుతుంది. మూడో ఏడాది చివర్లో ప్లేస్‌మెంట్ సెల్ జాబితా తయారుచేసేటప్పుడు, ఇంకా రాయని సబ్జెక్టు కూడా పెండింగే. చాలా కంపెనీల ఫారంలో "యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉందా", అంటే ఇంకా పాసవ్వాల్సిన సబ్జెక్టు ఉందా అన్న గడి ఉంటుంది. ఆ గడికి బదిలీ సబ్జెక్టు అన్న వివరణ ఎక్కదు. గ్రేడు లెక్క ఇంకో తంటా. కొన్నిచోట్ల సీజీపీఏని నేరుగా 10తో హెచ్చిస్తారు, కొన్నిచోట్ల 0.75 తీసేసి హెచ్చిస్తారు. 7.5 సీజీపీఏ ఒకచోట 75 శాతం, మరోచోట 67.5. కటాఫ్ 70 అయితే ఆ తేడా చాలు.

ఆంధ్రా యూనివర్సిటీ సొంత ఇంజినీరింగ్ కాలేజీలోకి ప్రైవేటు కాలేజీ నుంచి మారాలని కలలు కనేవాళ్లు ఎక్కువ. బదిలీ దారిలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ మళ్లీ మొదటి ఏడాది ఈఏపీసెట్ ద్వారా, డిప్లొమా ఉంటే ఈసెట్ ద్వారా, లేదా నాలుగేళ్లు ముగించుకుని ఎంటెక్‌కి గేట్, పీజీఈసెట్ ద్వారా ప్రయత్నించడమే మార్గం.

డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీల్లోకి: 3/5, జేబులో డబ్బుంటే

ఇక్కడ అడ్మిషన్ ఆఫీసు మర్యాదగా ఉంటుంది, ఫోనుకి సమాధానం వస్తుంది, సబ్జెక్టుల మ్యాపింగ్ వాళ్లే చేసిస్తారు. ఆ మర్యాదకి ఒక మార్కు ఎక్కువే పడింది. సెనేటు, అకడమిక్ కౌన్సిల్ అన్నీ ఒకే ప్రాంగణంలో ఉండటం వల్ల ఫైలు విజయనగరమో కాకినాడో వెళ్లి రానక్కర్లేదు. ఒకే యూనివర్సిటీకి చాలా క్యాంపస్‌లు ఉన్నచోట ఇంకో సౌకర్యం. గీతంకి విశాఖతో పాటు హైదరాబాద్, బెంగళూరుల్లో క్యాంపస్‌లు ఉన్నాయి. ఊరు మారడమే అవసరమైతే, బయటి యూనివర్సిటీ వెతుక్కోవడం కన్నా ముందు సొంత యూనివర్సిటీలోనే క్యాంపస్ మార్పుకి వీలుందా అని అడగడం తెలివైన పని. సిలబస్ ఒకటే కాబట్టి ఈక్వలెన్స్ గొడవే ఉండదు.

తగ్గించిన రెండు మార్కులు ఫీజుకి. రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో నింపుతారు, కానీ అవి మొదటి ఏడాది కౌన్సెలింగ్‌కి. మధ్యలో చేరేవాళ్లు యూనివర్సిటీ సొంత ఫీజు కట్టేందుకు సిద్ధపడే రావాలి. మిగిలిన మూడేళ్లకి ఏటా ఫీజు పెరుగుతుందా, పెరిగితే ఎంత శాతం అన్నది ఆఫర్ లెటర్‌లోనే చూడాలి. మ్యాపింగ్ షీటు కూడా ఫీజు కట్టాక కాదు, కట్టకముందే మెయిల్లో తెప్పించుకోవాలి. "చేరండి, తర్వాత చూద్దాం" అంటే చేరవద్దు.

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్: పేరుకి 5, పనికి 2

2021 జూలైలో యూజీసీ తెచ్చిన ఏర్పాటు ఇది. డిజీలాకర్‌లో 12 అంకెల ఐడీ తీసుకుంటే, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు అందులో జమవుతాయి. గరిష్ఠంగా ఏడేళ్ల దాకా చెల్లుతాయి. దీన్ని చూపించి "ఇప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికైనా మారిపోవచ్చు" అని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. బ్యాంకులో జమ ఉండటం నిజమే, కానీ ఆ నాణెం ప్రతి కొట్లోనూ చెల్లదు. క్రెడిట్లు ఒప్పుకోవాలా వద్దా అన్నది చేర్చుకునే సంస్థ ఇష్టం.

దీంట్లో ఎవరూ చెప్పని ఒక గీత ఉంది. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం 50 శాతం క్రెడిట్లు సంపాదించాలి. బీటెక్ 160 క్రెడిట్లయితే 80 అక్కడే చదవాలి. రెండేళ్లు, అంటే సుమారు 80 క్రెడిట్లు పూర్తయ్యాక మారితే సరిగ్గా గీత మీద ఉన్నట్టు. మూడేళ్లు చదివి మారితే 120 తెచ్చుకున్నా అందులో 40 వృథా. మూడో ఏడాది తర్వాత మారతామని వచ్చేవాళ్లకి ఇచ్చే సలహా ఒకటే: ఆగి, పూర్తిచేసెయ్యండి.

ఇక తరచూ వచ్చే లోపాలు. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు వేరుగా ఉంటే ఐడీకి క్రెడిట్లు అతకవు. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరమా పూర్తి పేరా అన్న తేడా చాలు. పదో తరగతి మెమో ప్రకారం ఆధార్ మార్పించుకోవడమే పద్ధతి. ఐడీ ఉన్నా క్రెడిట్లు సున్నా అని చూపిస్తే తప్పు మీది కాకపోవచ్చు. అప్‌లోడ్ చేయాల్సింది సంస్థ, అక్కడి పరీక్షల విభాగంలో దీనికో నోడల్ అధికారి ఉంటారు. మారే ఆలోచన రాగానే చూసుకోవాల్సిన విషయం ఇది, మారే రోజున కాదు.

మళ్లీ మొదటి నుంచి: 3.5/5

మళ్లీ ఈఏపీసెట్ ద్వారా మొదటి ఏడాదిలో చేరడం. ఏడాది పోతుందని అందరూ భయపడే దారి. పోయేది ఏడాదే, చిక్కుముళ్లు మాత్రం ఏమీ ఉండవు. ఈక్వలెన్స్ లేదు, మిగిలిన సబ్జెక్టులు లేవు. బ్రాంచి కూడా మార్చుకోవచ్చు, బదిలీలో అది కుదరదు. జేఎన్‌టీయూ నిబంధనల్లో అడ్మిషన్ల ప్రక్రియ ముగిశాక బ్రాంచి మార్పు ఉండదని స్పష్టంగానే రాసి ఉంటుంది. మెకానికల్ నుంచి కంప్యూటర్స్‌కి వెళ్లాలనుకునేవాడికి ఈ దారే దిక్కు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోవాలి. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం పాత ఇంటర్ మార్కులదే, అవి మారవు. మొదటి ఏడాదికి ఒకసారి తీసుకున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ మళ్లీ మొదటి ఏడాదికి వస్తుందని లెక్క వేసుకోవద్దు.

బ్రాంచి ఒక్కటే బాధైతే ఇంత దూరం రానక్కర్లేదు. 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేసి వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ తీసుకునే వీలు ఉంది. పైగా యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదిక 'స్వయం' ద్వారా చేయొచ్చు. మెకానికల్ చదువుతూ డేటా సైన్స్ మైనర్ చేసినవాడికీ, మూడు సబ్జెక్టులు మిగుల్చుకుని కాలేజీ మారినవాడికీ మధ్య ఇంటర్వ్యూలో ఎవరి పరిస్థితి మెరుగో చెప్పనక్కర్లేదు.

డిగ్రీ కాలేజీల సంగతి క్లుప్తంగా. బీఎస్సీ, బీకాం విద్యార్థులకి ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోనే మారడం ఇంజినీరింగ్ కన్నా సులువు, ఎందుకంటే పాఠ్యప్రణాళిక రాష్ట్రమంతా చాలావరకు ఒకే చట్రంలో ఉంది. 2023-24 నుంచి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చాక మాత్రం కొత్త కాలేజీలో ఆ మేజర్ నడుస్తోందా అన్నదే మొదటి ప్రశ్న. పని చేసుకుంటూ చదవాల్సి వస్తే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం నగరంలోనే ఉంది. ఎంబీబీఎస్ వాళ్లకి 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు కాలేజీ మార్పు తలుపే మూసేశాయి. ఆ పేరుతో డబ్బు అడిగేవాళ్ల దగ్గర కూర్చోవడమే దండగ.

హైదరాబాద్ వెళ్లాలనుకునేవాళ్లకీ ఒక మాట. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి అడ్మిషన్ల గడువు 2024 జూన్‌తో ముగిసింది. మన పిల్లలకి అక్కడ మిగిలేది ప్రధానంగా యాజమాన్య కోటా, డీమ్డ్ యూనివర్సిటీలు. అద్దె, తిండి కలుపుకుని లెక్క చూసుకోవాలి.

కన్సల్టెన్సీలు: 1/5

ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట చుట్టుపక్కల బోర్డులకి కొదవ లేదు. ఒక్క మార్కు ఎందుకంటే, దరఖాస్తు నింపడం, ఫైలు పట్టుకుని తిరగడం లాంటి పనులు కొందరు నిజంగానే చేస్తారు. అది కూలి పని, దానికి కూలి ఇవ్వచ్చు. అంతకుమించి సీటు ఇప్పించే అధికారం వాళ్లకి లేదు. మూడు మాటలు వినపడితే లేచి వచ్చేయాలి. "బ్యాక్‌లాగ్స్ ఉన్నా పర్లేదు, అక్కడ క్లియర్ చేయిస్తాం." "పాత తేదీతో అడ్మిషన్ చూపిస్తాం, ఏడాది పోదు." "బీటెక్ దూరవిద్యలో పూర్తిచేయొచ్చు." మొదటిది అబద్ధం. రెండోది దొంగ కాగితం, ఉద్యోగంలో సర్టిఫికెట్ల పరిశీలన జరిగిన రోజున దొరుకుతుంది. మూడోదాన్ని సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ ఒప్పుకోదు, 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా దూరవిద్య ఇంజినీరింగ్ మీదే వచ్చింది. "లాటరల్ ఎంట్రీ" అన్న మాటనీ బదిలీకి వాడేస్తుంటారు. లాటరల్ ఎంట్రీ అంటే ఈసెట్ రాసి, డిప్లొమా లేదా లెక్కలతో బీఎస్సీ చేసినవాళ్లు రెండో ఏడాదిలో చేరడం. ఇంటర్ తర్వాత బీటెక్‌లో చేరినవాడికి దాంతో సంబంధం లేదు.

డబ్బు, సర్టిఫికెట్లు

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవాళ్లకి. బదిలీలో యాజమాన్య కోటా ఖాళీలో కూర్చోబెడితే ఆ సాయం ఆగిపోతుందని లెక్క వేసుకోవాలి. అందుకే మొదటి కాగితంలోనే కోటా రాయించుకోమన్నది. బదిలీ ఆర్డర్ రాగానే పాత కాలేజీ తన జ్ఞానభూమి (రాష్ట్ర ప్రభుత్వ ఫీజు సాయం పోర్టల్) లాగిన్‌లోంచి పేరు తొలగించి, కొత్త కాలేజీ చేర్చుకోవాలి. పాత కాలేజీ తొలగించకపోతే కొత్తచోట చేర్చడం కుదరక ఆ ఏడాది సొమ్ము ఆగిపోవచ్చు. విద్యారుణం ఉంటే బ్యాంకుకి ముందే చెప్పాలి. రుణం మంజూరైంది ఆ కాలేజీకి, ఆ ఫీజుకి. కొత్త ఆఫర్ లెటర్, ఫీజు వివరాలు, బదిలీ ఆర్డర్ ఇస్తే మంజూరు సవరిస్తారు. చెప్పకుండా మారితే తర్వాతి వాయిదా పాత కాలేజీ ఖాతాలో పడుతుంది.

"మిగిలిన ఏళ్ల ఫీజు కట్టి వెళ్లు" అన్న మాట తరచూ వినబడుతుంది. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒక సెమిస్టర్‌కో ఏడాదికో తప్ప ముందస్తు ఫీజు తీసుకోకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదు. కౌంటర్ దగ్గర ఈ మాట గొంతు పెంచి అంటే పని జరగదు. తేదీ వేసి ఉత్తరం రాసి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. స్పందన లేకపోతే యూజీసీ 2023 నిబంధనల కింద కాలేజీ ఫిర్యాదుల కమిటీకి వెళ్లొచ్చు, దానికి 15 పనిదినాల గడువు. అక్కడా తేలకపోతే మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు. ముద్ర వేసిన ఆ ఉత్తరం లేకుండా ఈ మెట్లు ఎక్కలేరు.

బాకీలేమీ లేవని సంతకాలు పెట్టించుకునే నో డ్యూస్ ఫారం ఒక్కరోజులో తెమలదు. లైబ్రరీ, ప్రతి ల్యాబ్, హాస్టల్, రవాణా, అకౌంట్స్, ఒక్కో సంతకానికి ఒక్కో మనిషి, ఒక్కొక్కరు ఒక్కో రోజు సెలవు. వారం పెట్టుకోండి. హాస్టల్ డిపాజిట్ వెనక్కి తీసుకోవాలంటే చేరిన రోజు రసీదు కావాలి, అది చాలామంది ఇళ్లలో దొరకదు.

దూరం కూడా లెక్కలో వేయాలి. గాజువాకలో ఇల్లున్న విద్యార్థి ఆనందపురం అవతల కాలేజీకి మారితే ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతువాక, మధురవాడ అన్నీ రోజూ రెండుసార్లు దాటాలి. జూనియర్లతో రాయాల్సిన సబ్జెక్టుల క్లాసులు పొద్దున్నే పడితే బస్సు అందదు, రూము తీసుకోవాల్సిందే. కొత్త కాలేజీ బస్సు ఫీజు, లేదా మధురవాడ వైపు పేయింగ్ గెస్ట్ గది అద్దె, ఏది పడుతుందో బదిలీ ఖర్చులో కలిపి చూడండి.

టీసీ చేతికి తీసుకునే రోజు కౌంటర్ దగ్గరే నిలబడి నాలుగు చూడాలి. పేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా. విడిచిన తేదీ, బదిలీ ఆర్డర్ తేదీ తర్వాతదేనా. కారణం గడిలో "బదిలీ" అని ఉందా, "మధ్యలో మానేశాడు" అని ఉందా. ప్రవర్తన గడి ఖాళీగా వదిలేశారా. ఏది తప్పున్నా అక్కడికక్కడే దిద్దించుకోవాలి. గేటు దాటాక దిద్దించాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ చలానా, మళ్లీ ఆ సంతకాల వరస.